ప్రయోగశాలలో యాంటీబయాటిక్ గాఢత: కొలిచే తీరు, వాడే తీరు

క్లోరాంఫెనికాల్ అనే ఒక్క మందునే తీసుకుందాం. నిరోధక జన్యువు చేరిన బాసిల్లస్ సబ్టిలిస్ కణాలను ఏరడానికి మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములు చాలు. ఇ.కోలిలో ఒకే ప్రతిగా ఉండే కృత్రిమ క్రోమోజోమ్‌ను నిలబెట్టడానికి 12.5 వేస్తారు. కణానికి పదులు, వందల ప్రతులుగా పెరిగే మామూలు ప్లాస్మిడ్‌కైతే 25 నుంచి 34 వాడతారు. ప్లాస్మిడ్ దిగుబడి పెంచడానికి 1970లలో అదే మందును 170 దాకా వేసేవారు. అంత గాఢతలో కణంలో ప్రోటీన్ తయారీ ఆగిపోతుంది, దాంతో క్రోమోజోమ్ ప్రతులు తీయడమూ ఆగిపోతుంది. కొత్త ప్రోటీన్ల అవసరం లేని కొన్ని ప్లాస్మిడ్‌లు మాత్రం గంటల తరబడి పెరుగుతూనే ఉంటాయి. మందు ఒకటే అయినా నాలుగు పనులకు నాలుగు గాఢతలు కావలసి వచ్చాయి.

బ్యాక్టీరియా ప్రయోగాల్లో యాంటీబయాటిక్ గాఢతను నిర్ణయించడం అంటే ఇలాంటి అంకెల వెనక ఉన్న కారణాలు తెలుసుకుని, తన ప్రయోగానికి తగిన అంకెను తానే కొలిచి తేల్చుకోవడం. గాఢత సీసా మీద ముద్రించి వచ్చే గుణం కాదు. మందు, బ్యాక్టీరియా రకం, దాన్ని పెంచే మీడియం, మొదట వేసిన కణాల సంఖ్య, గడిచిన సమయం, ఈ ఐదూ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో ఏది మారినా అంకె మారుతుంది. ఇంకో ల్యాబ్ ప్రచురించిన అంకెతో పని మొదలుపెట్టవచ్చు కానీ, అక్కడే ఆగిపోకూడదు. ఈ వ్యాసంలో వేరే ప్రమాణం చెప్పనిచోట గాఢతలన్నీ మిల్లీలీటరుకు మైక్రోగ్రాములలో ఇచ్చినవే.

కనిష్ఠ నిరోధక గాఢత

అన్ని కొలతలకూ ఆధారం కనిష్ఠ నిరోధక గాఢత. ప్రయోగశాలల్లో దీన్ని ఎం.ఐ.సి. అంటారు. నిర్ణీత పరిస్థితుల్లో, నిర్ణీత సమయం తర్వాత, బ్యాక్టీరియా పెరుగుదల కంటికి కనిపించకుండా ఆపగలిగిన అతి తక్కువ గాఢత ఇది. ఈ నిర్వచనంలో ‘కంటికి కనిపించకుండా’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. గొట్టంలోని ద్రవం తేటగా ఉన్నంత మాత్రాన కణాలన్నీ చచ్చాయని కాదు. టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ వంటి మందులు ఇ.కోలిని ఎక్కువగా ఆపి ఉంచుతాయే తప్ప చంపవు. మందును కడిగేస్తే కణాలు మళ్లీ పెరుగుతాయి.

చంపే గాఢత కావాలంటే వేరుగా కొలవాలి. తేటగా మిగిలిన గొట్టాల్లోంచి కొంత ద్రవం తీసి, మందు లేని అగర్ ప్లేటు మీద పరిచి, మొదట వేసిన కణాల్లో వెయ్యికి ఒకటి కంటే ఎక్కువ బతకని గాఢతను వెతకాలి. అంటే 99.9 శాతం కణాలు చావాలి. దీనికి కనిష్ఠ సంహారక గాఢత అని పేరు. పెన్సిలిన్ తరగతి మందులకూ అమైనోగ్లైకోసైడ్‌లకూ ఈ రెండు అంకెలు సాధారణంగా దగ్గరగా ఉంటాయి. పెరుగుదలను ఆపి ఉంచే మందులకు వాటి మధ్య దూరం చాలా ఎక్కువ.

చంపే గాఢతను దాటాక కూడా కొన్ని కణాలు మిగులుతాయి. 1944లో జోసెఫ్ బిగ్గర్ పెన్సిలిన్‌లో ఉంచిన స్టాఫిలోకాకస్ కణాల్లో కొద్దిపాటివి చావకుండా ఉండడం గమనించాడు. వాటిని తీసి మళ్లీ పెంచితే ఆ సంతతి మొదటి కణాలలాగే మందుకు లొంగింది. కాబట్టి అవి నిరోధకత తెచ్చుకున్న కణాలు కావు, విభజన ఆపుకుని నిద్రాణంగా ఉన్నవి. పెన్సిలిన్ పెరిగే కణాలనే చంపుతుంది గనుక నిద్రలో ఉన్నవి తప్పించుకున్నాయి. హ్యారీ ఈగిల్ 1948లో ఇంకో వింత చూపించాడు. కొన్ని బ్యాక్టీరియాలకు పెన్సిలిన్ గాఢత ఒక హద్దు దాటితే చావు వేగం పెరగకపోగా తగ్గింది. ‘ఎక్కువ వేస్తే తప్పకుండా చస్తాయి’ అనే ధైర్యం ప్రయోగశాలలో పనికిరాదని చెప్పడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

చరిత్రలో కొన్ని మలుపులు

పెన్సిలిన్‌ను ఇప్పుడు రోగులకిచ్చే మందుగానే గుర్తుంచుకుంటాం. 1929లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ప్రచురించిన తొలి వ్యాసం మాత్రం దాన్ని ప్రయోగశాల పనిముట్టుగా కూడా చూపింది. గొంతు నుంచి తీసిన నమూనాలో స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ ముందు పెరిగి ప్లేటు నింపేస్తాయి. అప్పట్లో బాసిల్లస్ ఇన్‌ఫ్లుయెంజే అని పిలిచిన బ్యాక్టీరియాకు చోటు దొరకదు. మీడియంలో పెన్సిలిన్ కలిపితే ముందువి అణగిపోయి, పెన్సిలిన్‌కు లొంగని ఈ బ్యాక్టీరియా బయటపడింది. కావలసిన కణాన్ని బతకనిచ్చి అక్కర్లేనివాటిని ఆపే గాఢతను ఎంచుకోవడమే నేటి ‘సెలక్షన్’ పద్ధతి. ఇది యాంటీబయాటిక్‌ల చరిత్రలో మొదటి పేజీలోనే ఉందన్నమాట.

శుద్ధమైన పెన్సిలిన్ దొరకని రోజుల్లో దాన్ని తూకం వేయడం కుదరలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ బృందం బ్యాక్టీరియానే కొలబద్దగా చేసుకుంది. 50 మిల్లీలీటర్ల మాంసరసంలో ఒక నిర్ణీత స్టాఫిలోకాకస్ పెరుగుదలను సరిగ్గా ఆపడానికి చాలినంత పెన్సిలిన్‌ను ఒక యూనిట్‌గా లెక్కించింది. 1944లో అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడ్డాక ఒక యూనిట్ అంటే 0.6 మైక్రోగ్రాముల సోడియం పెన్సిలిన్-జి అని స్థిరపడింది. జంతుకణాలు పెంచే ల్యాబ్‌లలో నేటికీ మిల్లీలీటరుకు 100 యూనిట్ల పెన్సిలిన్, 100 మైక్రోగ్రాముల స్ట్రెప్టోమైసిన్ కలిపి వాడుతుంటారు. ఒకే సీసాలో రెండు రకాల కొలమానాలు ఉండడానికి ఈ చరిత్రే కారణం.

టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. మిస్సోరీ నేల నుంచి తీసిన సూక్ష్మజీవిలో బెంజమిన్ డగ్గర్ దాన్ని గుర్తించాడు. ఆ పని జరిగిన లెడర్లీ పరిశోధన విభాగానికి అప్పట్లో సారథి భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆ కుటుంబానికే చెందిన టెట్రాసైక్లిన్‌కు నిరోధకత ఇచ్చే జన్యువు తర్వాత జన్యు ఇంజనీరింగ్‌కు మూలస్తంభాల్లో ఒకటైంది. 1973లో కోహెన్, బోయర్ బృందాలు వాడిన పీఎస్‌సీ101 ప్లాస్మిడ్‌లోనూ, 1977లో వచ్చిన పీబీఆర్322లోనూ గుర్తింపు జన్యువుగా ఉన్నది అదే.

ఎలా కొలుస్తారు

అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి పోషక ద్రవంలో రెట్టింపు పలుచన. 96 గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో ఒక వరుస తీసుకుని, మొదటి గుంటలో ఎక్కువ గాఢత పెట్టి, తర్వాతి ప్రతి గుంటలో దాన్ని సగం చేసుకుంటూ పోతారు. 64, 32, 16, 8, 4, 2, 1, 0.5, ఇలా. ఒక్కో గుంటలో 50 మైక్రోలీటర్ల మందు ద్రావణం, 50 మైక్రోలీటర్ల బ్యాక్టీరియా ద్రవం కలుస్తాయి గనుక, మందును కావలసిన దానికి రెట్టింపు గాఢతలో తయారుచేయాలి. ఈ రెట్టింపు లెక్క మరిచిపోతే వరుస మొత్తం ఒక మెట్టు తప్పుతుంది. ఒక గుంటలో మందు లేకుండా బ్యాక్టీరియా, ఇంకో గుంటలో బ్యాక్టీరియా లేకుండా మీడియం మాత్రమే ఉండాలి. మొదటిది పెరగాలి, రెండోది తేటగా ఉండాలి. ఈ రెండూ సరిగా లేని ప్లేటు నుంచి ఏ అంకెనూ తీసుకోకూడదు.

బ్యాక్టీరియా సంఖ్య దగ్గర చాలామంది తొందరపడతారు. ముందురోజు అగర్ మీద పెరిగిన కాలనీలను ఉప్పునీటిలో కలిపి, మెక్‌ఫార్లాండ్ 0.5 ప్రమాణపు మసకకు సరిపోల్చాలి. ఇ.కోలికైతే అది మిల్లీలీటరుకు సుమారు 10 నుంచి 20 కోట్ల కణాలు. దాన్ని నూరు రెట్లు పలుచన చేసి సమాన పరిమాణంలో గుంటలో కలిపితే చివరికి మిల్లీలీటరుకు 5 లక్షల కణాల దగ్గరికి వస్తుంది. ఈ 5 లక్షలు అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రమాణం. సరిగా వచ్చిందో లేదో చూడాలంటే, మందు లేని గుంట నుంచి వెంటనే 10 మైక్రోలీటర్లు తీసి 10 మిల్లీలీటర్లలో కలిపి, అందులో 100 మైక్రోలీటర్లు ప్లేటు మీద పరిస్తే మర్నాటికి దాదాపు 50 కాలనీలు రావాలి. ఐదు నిమిషాల పని. దీన్ని వదిలేసిన ఫలితం ఎంత అందంగా కనిపించినా నమ్మదగినది కాదు.

ప్లేటును 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర 16 నుంచి 20 గంటలు ఉంచి చూస్తారు. గుంట అడుగున గుండీలా పేరుకున్న తెల్లటి మచ్చ పెరుగుదలకు గుర్తు. సల్ఫా మందులు, ట్రైమెథోప్రిమ్ దగ్గర పెరుగుదల ఒక్కసారిగా ఆగదు, మెల్లగా పలచబడుతుంది. అందుకే వాటికి పూర్తి తేటదనం కోసం చూడకుండా, మందు లేని గుంటతో పోలిస్తే 80 శాతం తగ్గిన చోటునే హద్దుగా తీసుకుంటారు.

ఫలితం 4 అని వస్తే దాని అర్థం ఏమిటి? అసలు విలువ 2కూ 4కూ మధ్య ఎక్కడో ఉందని. పైగా ఇదే ప్రయోగం రేపు చేస్తే 2 లేదా 8 రావచ్చు. ఒక మెట్టు అటూ ఇటూ ఊగడం ఈ పద్ధతిలో మామూలే. రెండు రకాల బ్యాక్టీరియా మధ్య ఒక మెట్టు తేడా కనిపించగానే నిరోధకత వచ్చిందని రాయడం తొందరపాటు. అంతకంటే సూక్ష్మమైన తేడా కావాలంటే రెట్టింపు మెట్లు మాని 2, 2.5, 3, 3.5 వంటి దగ్గరి మెట్లు పెట్టుకోవాలి, లేదా పెరుగుదల వేగాన్నే గంట గంటకూ కొలవాలి. సగటు తీసేటప్పుడు మామూలు సగటు కాకుండా గుణమధ్యమం వాడాలి, ఎందుకంటే మెట్లు కూడికతో కాక రెట్టింపుతో పెరుగుతున్నాయి.

కొలత సరిగా ఉందని తెలుసుకోవడానికి ప్రతిసారీ ఒక ప్రామాణిక బ్యాక్టీరియాను పక్కన పెడతారు. ఏటీసీసీ 25922 అనే ఇ.కోలికి ఆంపిసిలిన్ అంకె 2 నుంచి 8 మధ్య, జెంటామైసిన్ అంకె 0.25 నుంచి 1 మధ్య రావాలి. రాకపోతే మందు పాతబడి ఉండాలి, లేదా పలుచన తప్పి ఉండాలి. మన దేశంలో చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారం ఎం.టి.సి.సి. నుంచి ప్రామాణిక రకాలను తెప్పించుకోవచ్చు. చిన్న కళాశాల ల్యాబ్‌కు కూడా ఇది అందని ఖర్చేమీ కాదు.

మిగిలిన పద్ధతులు క్లుప్తంగా. అగర్‌లోనే మందు కలిపి, దాని మీద పదివేల కణాల చొప్పున చుక్కలు పెడితే ఒకే ప్లేటు మీద పదుల రకాలను పరీక్షించవచ్చు. సియాటిల్‌లో బాయర్, కిర్బీ, షెరిస్, టర్క్ 1966లో ప్రామాణికం చేసిన బిళ్ల పద్ధతిలో మందు అద్దిన కాగితపు బిళ్ల చుట్టూ ఏర్పడే ఖాళీ వలయాన్ని కొలుస్తారు. ఇది చవక, సులువు, ఆసుపత్రికి బాగా పనికొస్తుంది. ఇది గాఢత అంకె ఇవ్వదు కాబట్టి పరిశోధనలో దీన్ని తొలి వడపోతకే ఉంచుకోవడం మంచిది. గాఢత క్రమంగా మారేలా మందు పూసిన పట్టీలు ఈ రెంటికీ మధ్యస్థం.

అంకెను మార్చేసేవి

ప్రమాణ పరీక్షలకు వాడే ముల్లర్–హింటన్ మీడియంను జాన్ హోవర్డ్ ముల్లర్, జేన్ హింటన్ 1941లో గనేరియా, మెనింజైటిస్ కారక బ్యాక్టీరియాలను పెంచడానికి రూపొందించారు. పరమాణు జీవశాస్త్ర ల్యాబ్‌లలో రోజూ వాడే ఎల్‌బీ వేరు. ఒకదానిలో కొలిచిన అంకెను మరొకదానిలో వాడేస్తే పొరపాటు తప్పదు.

లోహ అయాన్ల ప్రభావం అన్నిటికంటే బలమైనది. టెట్రాసైక్లిన్ మెగ్నీషియంతో జతకట్టి శక్తి కోల్పోతుంది. సూడోమోనాస్ ఎరుజినోసా మీద జెంటామైసిన్‌ను పరీక్షించేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం పెరిగితే అంకె పైకి పోతుంది. అందుకే ప్రామాణిక ద్రవంలో లీటరుకు కాల్షియం 20 నుంచి 25 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 10 నుంచి 12.5 మిల్లీగ్రాములు ఉండేలా సరిచూస్తారు. డాప్టోమైసిన్‌ది దీనికి విరుద్ధమైన కథ. అది పనిచేయాలంటే కాల్షియం కావాలి గనుక దాని పరీక్షలో లీటరుకు 50 మిల్లీగ్రాములు పెడతారు. సల్ఫా మందుల దగ్గర మీడియంలోని పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం అడ్డుపడుతుందని 1940లో వుడ్స్ చూపించాడు. అమైనోగ్లైకోసైడ్‌లు ఆమ్ల మీడియంలో బలహీనపడతాయి, ఆక్సిజన్ లేనిచోట కణంలోకి సరిగా చేరవు.

కొలిస్టిన్‌ది మరో చిక్కు. అది ప్లాస్టిక్ గోడలకు అంటుకుంటుంది. గుంటలో మనం వేశామనుకున్నంత మందు ద్రవంలో ఉండదు. దాని అణువు పెద్దది గనుక అగర్‌లో మెల్లగా పాకుతుంది, అందుకే బిళ్ల పద్ధతి దానికి పనికిరాదు.

కణాల సంఖ్య ప్రభావం బీటా లాక్టమేజ్ ఎంజైమ్ ఉన్న బ్యాక్టీరియాలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెన్సిలిన్‌ను నాశనం చేసే ఈ ఎంజైమ్‌ను అబ్రహాం, చైన్ 1940లోనే వర్ణించారు. 5 లక్షల కణాలను లొంగదీసిన మందు 5 కోట్ల కణాల ముందు చతికిలబడుతుంది. కణాలు ఎక్కువైతే ఎంజైమ్ ఎక్కువై, మందు పనిచేసేలోగా కరిగిపోతుంది. ఎం.ఐ.సి.ని 5 లక్షల కణాలతో కొలిచి, ఆ అంకెనే రాత్రంతా పెరిగిన చిక్కటి కల్చర్‌కు వాడేవారికి ఆశించిన ఫలితం రాదు.

ప్లాస్మిడ్ ఎంపికకు గాఢత

పరమాణు జీవశాస్త్ర ల్యాబ్‌లో యాంటీబయాటిక్ ఎక్కువగా ఖర్చయ్యేది ఇక్కడే. 1972లో కోహెన్, చాంగ్, సూ కాల్షియం క్లోరైడ్‌తో సిద్ధం చేసిన ఇ.కోలిలోకి నిరోధక ప్లాస్మిడ్ డీఎన్ఏను ఎక్కించినప్పటి నుంచి పద్ధతి పెద్దగా మారలేదు. లక్షల కణాల్లో ప్లాస్మిడ్ చేరేది కొన్నిటిలోనే. వాటిని మాత్రమే పెరగనిచ్చే గాఢత కావాలి. ఇ.కోలికి సాధారణంగా వాడే అంకెలు ఆంపిసిలిన్ 100, కానామైసిన్ 50, టెట్రాసైక్లిన్ 10 నుంచి 12.5, స్పెక్టినోమైసిన్ 50 నుంచి 100, జెంటామైసిన్ 10 నుంచి 20. మామూలు ఇ.కోలిని ఆపడానికి వీటిలో చాలావాటికి కొన్ని మైక్రోగ్రాములే చాలు. ఇంత ఎక్కువ వేయడానికి కారణం ప్లేటు మీద కణాల రద్దీ, నిల్వలో తగ్గిపోయే మందు.

ఆంపిసిలిన్ ప్లేటు మీద పెద్ద కాలనీ చుట్టూ చిన్న చిన్న కాలనీలు మూగడం కొత్తవారిని తరచూ కంగారు పెడుతుంది. ప్లాస్మిడ్ ఉన్న కాలనీ నుంచి బయటికి కారిన బీటా లాక్టమేజ్ చుట్టుపక్కల మందును తినేస్తుంది. ఆ రక్షిత వలయంలో ప్లాస్మిడ్ లేని కణాలు లేచి నిలబడతాయి. వాటికి ఉపగ్రహ కాలనీలని పేరు. వాటిని ఏరి పెంచితే మళ్లీ ఆంపిసిలిన్‌లో పెరగవు. ప్లేటును 16–18 గంటలకు మించి వెచ్చని గదిలో ఉంచకపోవడం, కణాలను పలచగా పరచడం, ఆంపిసిలిన్ బదులు ఎంజైమ్‌ను కొంత మెరుగ్గా తట్టుకునే కార్బెనిసిలిన్ వాడడం దీనికి విరుగుడు.

ద్రవ కల్చర్‌లో ఇదే తంతు కనబడకుండా జరుగుతుంది కాబట్టి మరీ ప్రమాదకరం. రాత్రంతా పెరిగిన కల్చర్‌లో ఎంజైమ్ నిండి ఉంటుంది. దాన్ని అలాగే కొత్త మీడియంలో పోస్తే ఆంపిసిలిన్ కాసేపటికే మాయమై, ప్లాస్మిడ్ వదిలేసిన కణాలు ముందుకు దూసుకుపోతాయి. ప్రోటీన్ దిగుబడి అంతుచిక్కకుండా పడిపోయే సందర్భాల్లో ముందు అనుమానించవలసింది దీన్నే. కణాలను సెంట్రిఫ్యూజ్‌లో దించి, పాత ద్రవం పారబోసి, తాజా మీడియంలో కలపడం సులువైన పరిష్కారం. కానామైసిన్‌తో ఈ గొడవ తక్కువ. దాన్ని నిర్వీర్యం చేసే ఎంజైమ్ కణం లోపలే ఏటీపీ వాడుకుని పనిచేస్తుంది, పొరుగు కణానికి దాని లాభం అందదు. కానామైసిన్‌కు మాత్రం ట్రాన్స్‌ఫార్మేషన్ (ప్లాస్మిడ్ ఎక్కించడం) తర్వాత ఒక గంటపాటు మందు లేని మీడియంలో కణాలను తేరుకోనివ్వాలి. నిరోధక ఎంజైమ్ తయారయ్యేలోపే మందు తగిలితే ప్లాస్మిడ్ చేరిన కణం కూడా చస్తుంది.

ఆతిథ్య కణానికి ముందే ఏ నిరోధకత ఉందో చూసుకోవడం తప్పనిసరి. ఎక్స్ఎల్1-బ్లూ అనే ఇ.కోలి రకం టెట్రాసైక్లిన్‌కు లొంగదు. టాప్10 స్ట్రెప్టోమైసిన్‌కు లొంగదు. పీలైసెస్ ప్లాస్మిడ్ ఉన్న బీఎల్21 రకాలు క్లోరాంఫెనికాల్‌ను తట్టుకుంటాయి. ఇ.కోలి దాటి బయటికి వెళ్తే పట్టికలు ఇంకా పనికిరావు. సూడోమోనాస్ ఎరుజినోసాకు ఆంపిసిలిన్ పుట్టుకతోనే పట్టదు. కణకవచమే లేని మైకోప్లాస్మాకు పెన్సిలిన్ ఎంత వేసినా ఒకటే.

కొత్త రకానికి గాఢత తేల్చుకునే దారి తేలికైనదే, ఓపిక ఉంటే చాలు. నిరోధకత లేని మాతృ రకాన్ని చిక్కటి కల్చర్‌గా పెంచి, దాదాపు 10 కోట్ల కణాలను ఒక్కో ప్లేటు మీద పరచాలి. ప్లేట్లలో గాఢతలు 0, 5, 10, 25, 50, 100, 200 ఇలా ఉండాలి. ఒక్క కాలనీ కూడా రాని అతి తక్కువ గాఢత కింది హద్దు. తర్వాత నిరోధక జన్యువు ఉన్న రకాన్ని అవే ప్లేట్లపై వేసి, మందు లేని ప్లేటుతో సమానంగా, అంతే పరిమాణపు కాలనీలు వచ్చే అతి ఎక్కువ గాఢతను చూడాలి. అది పై హద్దు. పనిచేసే గాఢతను ఈ రెంటి మధ్యలో, కింది హద్దుకు కొంచెం పైన పెట్టుకోవడం మేలు. ‘ఎందుకైనా మంచిది’ అని పై హద్దు దగ్గర పెడితే కాలనీలు చిన్నవై, ప్లాస్మిడ్ బరువుతో పాటు మందు బరువునూ మోసే కణాలు మన కొలతల్లో తేడాలు తెస్తాయి. ఒకే ప్రతిగా క్రోమోజోమ్‌లో చేరిన జన్యువుకు ఎంజైమ్ కొద్దిగానే తయారవుతుంది. అందువల్ల ప్లాస్మిడ్ గాఢతలో సగమో అంతకంటే తక్కువో సరిపోతుంది. రెండు మందులు కలిపినప్పుడు కణం మీద బరువు పెరుగుతుంది గనుక ఒక్కోదాన్ని తగ్గించి చూడడం మంచిది.

పొడి నుంచి ద్రావణం దాకా

సీసాలోని ప్రతి మిల్లీగ్రాము పొడీ పూర్తిగా మందు కాదు. లవణం, తేమ ఉంటాయి. సీసా మీద ఇచ్చే ‘మిల్లీగ్రాముకు ఇన్ని మైక్రోగ్రాములు’ అనే శక్తిని లెక్కలోకి తీసుకోవాలి. మిల్లీగ్రాముకు 750 మైక్రోగ్రాముల శక్తి ఉన్న కానామైసిన్‌తో మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల గాఢతలో 10 మిల్లీలీటర్ల స్టాక్ చేయాలంటే 500 కాదు, సుమారు 667 మిల్లీగ్రాముల పొడి తూచాలి. ప్లేటు ఎంపికకు ఈ తేడా పెద్దగా అడ్డు రాకపోవచ్చు, ఎం.ఐ.సి. కొలతకు మాత్రం ఘోరమైన తప్పు.

ఆంపిసిలిన్ సోడియం, కానామైసిన్ నీటిలో కరుగుతాయి, వడకట్టి శుభ్రం చేయాలి. క్లోరాంఫెనికాల్‌కు ఇథనాల్ కావాలి. టెట్రాసైక్లిన్‌ను ఇథనాల్‌లో కరిగించి వెలుతురు తగలకుండా దాచాలి. రిఫాంపిసిన్‌కు డీఎంఎస్‌ఓ లేదా మిథనాల్ వాడతారు, దానికీ వెలుతురు పడదు. ద్రావకం కూడా బ్యాక్టీరియాను ఇబ్బంది పెడుతుంది కాబట్టి దాన్ని మాత్రమే కలిపిన గొట్టం ఒకటి పక్కన ఉండాలి. స్టాక్‌ను వెయ్యి రెట్ల గాఢతలో చేసి చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 20 డిగ్రీల వద్ద ఉంచితే, లీటరు మీడియానికి ఒక మిల్లీలీటరు చొప్పున కలపడం సులువు. అగర్ 50–55 డిగ్రీలకు చల్లారాకే మందు కలపాలి. పొగలు కక్కే అగర్‌లో ఆంపిసిలిన్ పోయడం డబ్బును నీళ్లపాలు చేయడమే.

నిరోధక గాఢతకు కింద, పైన

ఎం.ఐ.సి.కి దిగువన మందుకు పనేమీ లేదనుకోవడం చాలాకాలం నడిచిన పొరపాటు. ఉప్సాలాలో డాన్ ఆండర్సన్ బృందం 2011లో నిరోధకత ఉన్న, లేని కణాలను కలిపి పెంచింది. ఎం.ఐ.సి.కి ఎన్నో రెట్లు తక్కువ గాఢతలో, కొన్ని జంటల్లో వందల రెట్లు తక్కువలో కూడా, నిరోధక కణాలే పైచేయి సాధించాయి. లొంగే కణాలు చావనక్కర్లేదు, కాస్త మందగిస్తే చాలు. ఇలాంటి ప్రయోగాలు చేసేవారు ఎం.ఐ.సి.లో పదో వంతు, ఇరవయ్యో వంతు గాఢతలను పెట్టుకుని పెరుగుదల వేగాన్ని కొలుస్తారు.

పైవైపు కూడా ఒక హద్దుంది. ఒక మెట్టు మార్పుతో నిరోధకత తెచ్చుకునే కణాలు పెద్ద గుంపులో ఎప్పుడూ ఉంటాయి. రిఫాంపిసిన్ 100 గాఢత ఉన్న ప్లేటు మీద 10 కోట్ల ఇ.కోలి కణాలు పరిస్తే ఒకటో రెండో కాలనీలు రావడం మామూలే. ఉత్పరివర్తనాల వేగం కొలవడానికి లూరియా, డెల్‌బ్రూక్ 1943లో చూపిన పద్ధతిని నేడు ఎక్కువగా ఈ మందుతోనే చేస్తారు. కార్ల్ డ్రలికా బృందం 1999లో ‘ఉత్పరివర్తన నిరోధక గాఢత’ను ప్రతిపాదించింది. వెయ్యి కోట్ల కణాలు పరిచినా ఒక్క కాలనీ రాని గాఢత అది. ఎం.ఐ.సి.కీ దీనికీ మధ్యనున్న జాగాలోనే నిరోధక కణాలు ఏరబడతాయి. నిరోధకత పరిణామాన్ని చూడదలిచినవారు కావాలని ఆ జాగాలోనే పనిచేయాలి, దాన్ని తప్పించదలిచినవారు ఆవలికి వెళ్లాలి.

2016లో హార్వర్డ్‌కు చెందిన బృందం 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అగర్ పళ్లెంలో మెట్లు మెట్లుగా మందు పెంచి ఇ.కోలిని వదిలింది. రెండు వారాల లోపే బ్యాక్టీరియా మొదట తనను ఆపిన గాఢతకు వేల రెట్ల గాఢతలోకి పాకింది. మధ్య మెట్లు తీసేసి ఒక్కసారిగా పెద్ద గాఢత ఎదురుపెట్టినప్పుడు అంత దూరం దూకలేకపోయింది. తక్కువ మోతాదుకు అలవాటుపడ్డ సూక్ష్మజీవి నిరోధకత తెచ్చుకుంటుందని ఫ్లెమింగ్ 1945 నోబెల్ ఉపన్యాసంలో హెచ్చరించినదాన్నే ఈ పళ్లెం కళ్లకు కట్టింది.

ప్రయోగశాల గోడల బయట ఈ గాఢతలు ఎక్కడ ఎదురవుతాయో తెలంగాణ పాఠకులకు దగ్గరి ఉదాహరణ ఉంది. 2007లో జోకిమ్ లార్సన్, సహచరులు పటాన్‌చెరు వద్ద మందుల కంపెనీల ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు ప్రచురించారు. అంటే మిల్లీలీటరుకు 31 మైక్రోగ్రాములు. పైన చెప్పిన ప్రామాణిక ఇ.కోలిని ఆపడానికి ఈ మందు 0.016 మైక్రోగ్రాములు చాలు.

అందుకే ప్రయోగం ముగిశాక మిగిలిన మందును ఏం చేయాలన్నది కూడా గాఢత ప్రశ్నలో భాగమే. ఆటోక్లేవ్‌లో పెడితే కణాలు చస్తాయి. ఆంపిసిలిన్ వంటి బీటా లాక్టమ్‌లు వేడికి చాలావరకు విరిగిపోతాయి. కానామైసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ మాత్రం ఆ వేడిని తట్టుకుని శక్తితోనే మిగులుతాయి. వాటి స్టాక్‌లను, గాఢత ఎక్కువున్న మీడియాన్ని సింకులో పోయకుండా, రసాయన వ్యర్థాలుగా వేరుచేసి దహనానికి పంపాలి.